మల్లెపూల కట్టు

మా చెల్లెలు సుబ్బులుకి నెలలు నిండుతున్నాయి. మొన్న పుట్టింట్లో ఇద్దరం తలంట్లు పోసుకుంటుంటే నా ఎడమ రొమ్ము మీద మచ్చ చూసి, "ఇదేందక్కా, కాలిందా?" అని అడిగింది. కాలలేదు, కోశారని చెప్పాను. ఎందుకు కోశారో చెప్పబోయేసరికి మా అమ్మ వంటింట్లోంచి, "కడుపుతో ఉండే పిల్లకి అయ్యన్నీ ఎందుకే? నోరు మూసుకోని నీళ్ళు పోసుకో" అని కసిరింది.

నాకూ ఎవరూ ఏమీ చెప్పలేదు. పెళ్ళినాటికి నాకు చదవడం వచ్చు, ఉత్తరాలు రాయడం వచ్చు. నా ఒంటి సంగతి మాత్రం నాకు తెలియదు. మూడేళ్ళ కిందట నాకు వచ్చింది పెద్ద జబ్బేమీ కాదట, చాలామంది బాలింతలకు వచ్చేదేనట. ఆ మాట తగ్గిన తరువాత తెలిసింది. వచ్చినప్పుడు మాత్రం నా ఒళ్ళు చూస్తే నాకే రోత పుట్టింది. ఆ రోత పోయింది. మనుషుల మీద పుట్టిన రోత ఇంకా పూర్తిగా పోలేదు. నోటితో చెప్పనివ్వలేదు కాబట్టి సుబ్బులుకి రాసి ఇస్తున్నాను. చదివేటప్పుడు కడుపులో తిప్పితే తిప్పనీ, మధ్యలో మాత్రం ఆపవద్దు.

వైశాఖం

మా అత్తగారి ఊరు చిట్టమూరు దగ్గర. ముందు వరి మళ్ళు, వెనక ఉప్పునేల. పంచాయతీ సమితి ఆఫీసులు కొత్తగా పెట్టిన రోజులవి. ఆసుపత్రి అంటే మాత్రం ఇంకా నెల్లూరే. అది నాకు రెండో కాన్పు. పెద్దపిల్ల జయను మా అమ్మ దగ్గర వదిలి, అత్తగారింట్లోనే కన్నాను. రెండోది కూడా ఆడపిల్లే. మంత్రసాని ఆ మాట చెప్పగానే మా అత్త కామాక్షమ్మ, "సరేలే, మళ్ళీ అదే" అని లేచి గొడ్లకు కుడితి పెట్టడానికి వెళ్ళిపోయింది.

ముర్రుపాలు బిడ్డకు పడవని అత్త పిండించి పారబోసింది. ఆ తరువాత నాకు పాలు పడ్డాయి చూడు, అన్నీ ఇన్నీ కావు. చిన్నది బొత్తిగా బలం లేని పిల్ల. రెండు గుక్కలు తాగి నిద్రపోయేది. మిగిలినవి కారిపోయేవి. రవిక తడిసేది, చీర తడిసేది, కింద పరిచిన బొంత తడిసేది. బాలింతరాలికి గాలి తగలకూడదని గది తలుపులు మూసి, సాంబ్రాణి పొగ వేసేవాళ్ళు. బయట వడగాలి, లోపల ఆ పొగ, పులిసిపోయిన పాల వాసన. మడిచి పెట్టిన బట్టలు ఎండి అట్టలు కట్టి చెక్కల్లా నిలబడేవి. వాటిమీద ఈగలు. మార్చుకోవడానికి ఇంకో చీర ఇమ్మంటే, "బాలింత చీరలు రోజుకెన్ని ఉతకాల?" అనేది అత్త.

పాలు పిండడానికి నాకో ఇత్తడి గిన్నె ఇచ్చింది. పిండిన పాలు ఎవరి కంటా పడకూడదట, ఎవరూ తొక్కే చోట పొయ్యకూడదట. గిన్నె మీద గుడ్డ కప్పి, దొంగసొత్తు తీసుకుపోయినట్టు పెరటి గోడ పక్కకు తీసుకుపోయి పోసేది. కొన్నాళ్ళకు ఆమెకు విసుగు పుట్టింది. "ఊరికే పిండబాకమ్మే. పిండే కొద్దీ ఊరతాయి. ఉండనీ, అయ్యే సర్దుకుంటాయి" అంది. నేను మానేశాను.

ఎడమ వైపు బరువెక్కింది. తరువాత గట్టిపడింది. ఒక సాయంత్రం చలి మొదలైంది. వైశాఖమాసపు ఎండలో రెండు దుప్పట్లు కప్పుకుని పళ్ళు కొట్టుకుంటూ వణికాను. తెల్లారి చూసుకుంటే రొమ్ము ఎర్రగా నిగనిగలాడుతూ ఉంది. చీర కొంగు తగిలినా ప్రాణం పోయేది. బిడ్డ ఏడ్చిన చప్పుడు వింటే పాలు చేపుకు వచ్చేవి, వాటికి బయటికి దారి ఉండేది కాదు. ఆ బాధ ఎలాంటిదో రాయడం నాకు చేతకాదు.

అత్త ఆముదపు ఆకులు వెచ్చచేసి కట్టింది. సున్నం, బెల్లం కలిపి పట్టు వేసింది. ఆ బెల్లానికి చీమలు పట్టాయి. నా మంచంమీద, నా ఒంటిమీద చీమలు. విదిలించుకునే ఓపిక కూడా లేక పడుకుని చూస్తూ ఉండేదాన్ని. చూడవచ్చిన ఇరుగుపొరుగు ఆడవాళ్ళు గడప దగ్గరే నిలబడి ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, "దిష్టి తగిలినట్టుండాది" అని పోయేవాళ్ళు. ఒక్కరూ లోపలికి రాలేదు.

చివరికి మా ఆయన రమణయ్య లోపలికి వచ్చాడు. పురిటి గదిలోకి మగవాళ్ళు రాకూడదు. వచ్చి, దుప్పటి ఎత్తి చూసి, వాకిట్లోకి పోయి బండి కట్టించాడు. "మంత్రం వేయిద్దామబ్బయ్యా, మంత్రగాడి కోసం కోట ఊరికి మనిషిని పంపినా" అని అత్త అంటుంటే, "నువ్వు వస్తే బండెక్కు, లేకుంటే ఇంట్లో ఉండు" అన్నాడు. అంత మాట తల్లిని అనడం నేను అదే మొదటిసారి వినడం. ఆమె సణుక్కుంటూనే బిడ్డను ఎత్తుకుని ఎక్కింది.

నాయుడుపేటలో రైలెక్కాము. పెట్టె కిటకిటలాడుతూ ఉంది. మేము కూర్చున్న కాసేపటికి పక్కన ఒక్కొక్కరే లేచి పోవడం మొదలుపెట్టారు. నా దగ్గర్నుంచి వచ్చే కంపుకే. నేను తల వంచుకుని కూర్చున్నాను. ఎదురుగా ఒక ముసలాయన మాత్రం కదలలేదు. తన కిటికీ పక్క చోటు నాకు ఇచ్చి, తన చెంబులో నీళ్ళు తువ్వాలు మీద పోసి తడిపి, "మొగాన ఏసుకోమ్మా, గూడూరు దాటితే గాలొస్తాది" అన్నాడు. ఆయన ఎవరో నాకు తెలియదు. ఆ తడి తువ్వాలు తిరిగి ఇవ్వను కూడా లేదు.

జ్యేష్ఠం

ఆసుపత్రి పేరు రాయను. పెద్ద వరండా, ఆ వరండా నిండా జనం. గోడకు చేరగిలపడి మా వంతు కోసం కూర్చున్నాము. నా రవిక అంతా పసుపుపచ్చని మరక. ఎవరి చూపు అటు పోయినా మా అత్త నా కొంగు లాగి కప్పేది. నా నొప్పికంటే ఆ మరక ఆమెకు ఎక్కువ బాధగా ఉంది.

డాక్టరమ్మ చూసి, "ఇన్నాళ్ళు ఎందుకుంచారు?" అని ఒకే మాట అడిగింది. గడ్డ కోశారు. కోసినప్పుడు నొప్పికన్నా నాకు గుర్తున్నది వాసన. అంత కంపు నా లోపల ఉందా అనిపించింది. పళ్ళెంలో పడ్డ దాన్ని చూసి వాంతి చేసుకున్నాను. రోజూ కట్టు విప్పి, గాయంలో నుంచి గుడ్డ వత్తి లాగి, కొత్తది పెట్టేవాళ్ళు. అది లాగుతుంటే కళ్ళు మూసుకుని ఒకటే అనుకునేదాన్ని, ఈ ఒళ్ళు నాది కాదు, ఇంకెవరిదో అని.

కుడి వైపు బాగానే ఉంది. ఆ వైపు పాలు నిలవ ఉండిపోతే అక్కడ కూడా గడ్డ కడుతుందని, బిడ్డ తాగగా మిగిలినవి పూర్తిగా పిండెయ్యమన్నారు. ఆయా గిన్నె తెచ్చేది. నేను పిండేదాన్ని. ఆమె ఆ గిన్నెను మంచాల మధ్య ఉన్న బకెట్లో వంపేది. గాయాలు తుడిచిన దూది, చీము గుడ్డలు, రక్తం, వాటిమీద నా పాలు. తెల్లగా పారి, కింద ఎర్రగా కలిసిపోయేవి. రోజూ అదే చూస్తూ పడుకునేదాన్ని.

నా పక్క మంచం మీద జాన్‌బీ అనే పిల్ల ఉండేది. కాన్పులో ఫిట్సు వచ్చి, ఆపైన జ్వరం కాసి, ఒంటిమీద స్పృహ లేకుండా పడి ఉంది. నెలలు నిండకుండా పుట్టిన మగబిడ్డను దూదిలో చుట్టి పక్కన పెట్టారు. ఆ బిడ్డను జాన్‌బీ తల్లి హుస్సేనమ్మ చూసుకునేది. డబ్బా పాలు కలిపి పడితే కక్కేవాడు, లేదా నీళ్ళలా విరేచనం అయ్యేది. చర్మం ముడతలు పడి ముసలివాడి మొగంలా ఉండేది. ఏడిస్తే గొంతు కూడా బయటికి వచ్చేది కాదు, నోరు మాత్రం తెరుచుకునేది.

ఒక పొద్దున ఆయా నా గిన్నె తీసుకుని బకెట్ వైపు వంగింది. అదే సమయంలో ఆ బిడ్డ నోరు తెరిచాడు.

"ఆగు, పొయ్యబాక" అన్నాను.

ఆయా తిరిగి చూసింది. "ఎందుకమ్మా? నీకేమన్నా కావాల్నా?"

"నాకు కాదు. ఆ బిడ్డకి."

హుస్సేనమ్మ తల ఎత్తింది. మా అత్త కింద చాప మీద కూర్చుని తమలపాకుకు సున్నం రాస్తూ ఉంది. ఆమె చెయ్యి ఆగిపోయింది.

"ఏందమ్మే, నీకేమన్నా పిచ్చా?" అంది. "మన ఇంటి పాలు తురకోళ్ళ బిడ్డకా? ఆ నోట్లో పడినాక అదే రొమ్ము మన పిల్లకి ఎట్ట పెడతావు?"

"బకెట్లో పోస్తా ఉంటే నీకేమీ కాలేదే అత్తా" అన్నాను.

"బకెట్‌లో పోస్తే పోయె. అది ఎవురూ తాగరు గదా!"

ఆ మాట విన్నప్పుడు నాకు కలిగింది కోపం కాదు. గాయంలో నుంచి గుడ్డ వత్తి లాగినప్పుడు కడుపులో తిప్పేది చూడు, సరిగ్గా అదే.

డాక్టరమ్మ వచ్చినప్పుడు నేనే అడిగాను. ఆమె నన్ను, మా అత్తను, ఆ బిడ్డను చూసింది. "కుడి వైపు పాలు శుభ్రమైనవే. ఇవ్వచ్చు. బిడ్డకి చప్పరించే బలం లేదు కాబట్టి పిండి, చుక్క చుక్కగా పట్టాలి. ఇంట్లో వాళ్ళు ఒప్పుకుంటారా?" అంది. "పాలు నాయి గదా డాక్టరమ్మా" అన్నాను. ఎక్కడినుంచి వచ్చిందో ఆ మాట.

హుస్సేనమ్మ నా మంచం దగ్గరకు వచ్చి నిలబడింది. సంతోషంతో చేతులు పట్టుకుంటుందనుకున్నాను. "నీ పేరేంది కూతురా? ఏ ఊరు? ఎంతమంది పిల్లలు?" అని అడిగింది. ఈమె కూడా కులం లెక్క చూస్తుందే అని నాకు ఒళ్ళు మండింది. మొగం తిప్పుకున్నాను.

"కోపం పెట్టుకోబాక" అంది ఆమె. "మాలో పాలిచ్చినామె తల్లితో సమానం. నీ పాలు తాగితే వీడికి నువ్వు తల్లివి, నీ బిడ్డలు వాడికి తోడబుట్టినోళ్ళు. రేపు వాడు బతికి పెద్దోడైతే, వాళ్ళని చేసుకోకూడదు. ఎవురి పాలు తాగినాడో తెలవకుండా పోతే పాపం నాది అవతాది."

కింద నుంచి మా అత్త, "మా పిల్లల్ని మీ వాడికి ఇచ్చేదానికి ఈడ కాసుకోని కూచుండామా ఏంది!" అంది.

హుస్సేనమ్మ ఆమె వైపు తిరిగి, ఏమాత్రం కోపం లేకుండా, "ఇయ్యబాకమ్మా. ఇయ్యకూడదనే నేనూ చెప్తా ఉండా" అంది. ఆసుపత్రిలో చేరాక నేను మొదటిసారి నవ్వింది అప్పుడే. గాయం లాగి నొప్పి పుట్టింది.

పాలు ఇవ్వడానికి ఒప్పుకోవడం ఒక ఎత్తు, నిలవ ఉంచడం ఇంకో ఎత్తు. ఆ బిడ్డకు గంట గంటకూ ఉగ్గుగిన్నెతో కొంచెం కొంచెం పట్టాలి. నాకు జ్వరం వచ్చినప్పుడు మత్తుగా పడి ఉండేదాన్ని. పాలు చేపినప్పుడు గిన్నెడు వచ్చేవి, కావలసినప్పుడు చుక్క వచ్చేది కాదు. రోహిణి కార్తె ఎండ. పొద్దున పిండినవి మధ్యాహ్నానికి విరిగి వాసన కొట్టేవి.

జాన్‌బీ మొగుడు మౌలాలికి నెల్లూరులోనే సోడా అంగడి ఉంది. హుస్సేనమ్మ అతన్ని పిలిచి చెప్పింది. ఆ సాయంత్రం అతను ఒక తగరపు బకెట్ తెచ్చాడు. అడుగున రంపపు పొట్టు, దానిమీద ఐసుగడ్డ, చుట్టూ గోతం. నర్సమ్మ ఉడకబెట్టి ఇచ్చిన మందుసీసాలో నా పాలు పోసి ఐసులో దించాము. మొదటిరోజు సీసా మూతలోంచి రంపపు పొట్టు లోపలికి పోయింది. పాల మీద ఆ పొట్టు తేలుతుంటే హుస్సేనమ్మ ఏడ్చినంత పని చేసింది. పారబోశాము. మరునాటి నుంచి మౌలాలి సీసా మూతికి ఉడకబెట్టిన గుడ్డ కట్టి, పైన అరిటాకు చుట్టి దించేవాడు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి కరిగిన నీళ్ళు వంపి కొత్త ఐసు పెట్టేవాడు. పట్టేముందు నర్సమ్మ సీసాను వేణ్ణీళ్ళలో కాసేపు నిలబెట్టేది.

ముక్కూమొగం తెలియని మగవాడు నా పాల సీసా చేత్తో పట్టుకోవడం నాకు సిగ్గుగా ఉండేది. అతనికి ఇంకా ఎక్కువ సిగ్గు. నా మంచం దగ్గరకు వస్తే తల ఎత్తేవాడు కాదు. "ఐసు పెట్టినానమ్మా" అని నేలకు చెప్పి పోయేవాడు.

బిడ్డ కక్కడం ఆగిపోయింది. తరువాత ముడతలు కొంచెం తేరుకున్నాయి. ఒకరోజు వార్డంతా వినపడేట్టు ఏడ్చాడు. పక్క మంచాల వాళ్ళు విసుక్కున్నారు. నేనూ హుస్సేనమ్మా ఒకరి మొగం ఒకరం చూసుకున్నాము.

మా అత్త నాతో మాట మానేసింది. కానీ మా ఆయన పొలం పనులు చూసుకుని వచ్చినప్పుడు ఆమె, "దాని తలలో పూలు లేవు, మొగం ఎట్టనో ఉండాది, మల్లెపూలు తేరా" అంది. ఆయన ఎంత సంతోషపడ్డాడో. బజారుకు పోయి తడిగుడ్డలో చుట్టి బుట్టెడు విడిపూలు తెచ్చాడు. జ్వరంతో పడి ఉన్న పెళ్ళానికి పూలు తేవడం ఆయనకు సరసంగా అనిపించిందేమో, కొంచెం నవ్వుతూ నా పక్కన పెట్టి పోయాడు. తను ఊళ్ళో లేనప్పుడు కూడా రోజూ ఇవ్వమని పూలమ్మికి చెప్పి మరీ పోయాడు.

ఆ పూలు నా తలలోకి రాలేదు. అత్త వాటిని నలిపి, గుడ్డలో పరిచి, నా కుడి రొమ్ముకు కట్టింది. "చల్లగా ఉంటాది. ఆ పక్క కూడా గడ్డ కట్టకుండా" అంది. చాలాకాలానికి నాతో మాట్లాడింది కదా అని నేను ఎదురు చెప్పలేదు. రోజూ పాతవి తీసి కొత్తవి కట్టేది. చెమటకు, పాలకు నాని ఆ పూలు గోధుమరంగుగా కుళ్ళిపోయేవి. మల్లెల వాసన మొదట తియ్యగా వస్తుంది, లోపల కుళ్ళితే ఆ తియ్యదనమే ముక్కులు పగలగొడుతుంది. రవిక విప్పితే నాకే వాంతి వచ్చేది.

పాలు తగ్గాయి. మొదట సీసాలో సగం, తరువాత అడుగున కొంచెం. జ్వరం వల్ల అనుకున్నాను. చిన్నది కూడా చప్పరించి చప్పరించి ఏడ్చేది. సరిగ్గా తినడం లేదని నన్ను నేనే తిట్టుకున్నాను.

ఒక మధ్యాహ్నం అత్త స్నానానికి పోయినప్పుడు హుస్సేనమ్మ నాకు చీర మార్చబోయి ఆ కట్టు చూసింది. చేత్తో పట్టుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది.

"ఇది ఎవురు కట్టినారు?"

"మా అత్త. చల్లదనానికి."

"చల్లదనానికా?" ఆమె ఆ కట్టు విప్పేసింది. "బిడ్డ చచ్చిపోయినోళ్ళకి కడతారమ్మా మల్లెపూలు. పాలు ఎండిపోయేదానికి. నీకు తెలవదా?"

నాకు తెలియదు. మా అత్తకు తెలుసు. ఆమె తడి జుట్టుతో వచ్చి నిలబడేసరికి, విప్పిన పూలు మంచం మీద గుడ్డలో ముద్దగా ఉన్నాయి. ఆమె చూసింది, మొగంలో ఏ మార్పూ లేదు.

"అవును, కట్టినా" అంది. "ఎన్నాళ్ళు పోస్తావు ఊరందరికీ? నీకు ఎండిపోతే ఈ పీడ వదులుద్దని కట్టినా."

"నా బిడ్డ కూడా ఆ పాలే గదా అత్తా తాగేది?"

"మనకి ఇంట్లో పాడి లేదా? ఎనుము పాలు పోస్తే పెరగదా? ఆడపిల్లేగా, ఎట్టనో ఒకట్ట బతుకుద్ది."

ఈ మాట అన్నప్పుడు మా ఆయన వార్డు గుమ్మంలో ఉన్నాడు. చేతిలో ఆ రోజు పూలు. ఆయన కూడా అప్పుడే తెలుసుకున్నాడు తను తెచ్చినవి దేనికో. నేను ఆయన మొగం చూశాను. ఆ మొగం చూసి ఉండకపోతే నేను ఆయనతో కాపురానికి తిరిగి పోయేదాన్ని కాదు, నిజం చెప్తున్నాను.

ఆయన మంచం దగ్గరకు వచ్చి, ఆ కుళ్ళిన ముద్దను గుడ్డతో సహా తన చేత్తో ఎత్తి, కొత్త పూలతో కలిపి, దూది వేసే బకెట్లో పడేశాడు. చెయ్యి కడుక్కోకుండానే, "పదమ్మా, రైలుకి టైమయింది" అన్నాడు.

"నేను లేకుండా దీన్ని ఎవురు చూస్తారురా?"

"ఎవురో ఒకరు చూస్తారు. నువ్వు మాత్రం చూడబాక."

ఆమెను రైలెక్కించి వచ్చి నా కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. "నాకు తెలవదు పెంచలమ్మా" అన్నాడు. "నీ చెయ్యి కంపు కొడతాంది, పోయి కడుక్కో" అన్నాను. అంతే మేము ఆ విషయం మాట్లాడుకున్నది.

ఆషాఢం

పాలు తిరిగి రావడానికి చాలా రోజులు పట్టింది. డాక్టరమ్మ బిడ్డకు రొమ్ము మాటిమాటికీ పట్టించమంది. వచ్చే కాసిని చిన్నదానికే చాలడం లేదు. హుస్సేనమ్మ తనంతట తనే సీసా పక్కన పెట్టేసింది. "ముందు నీ కడుపున పుట్టింది, తరవాతే మావాడు" అంది. అన్నదే గాని మనవడి వైపు చూడలేకపోయింది. ఐసు బకెట్ ఖాళీగా నీళ్ళు కారుతూ ఉంది.

అప్పుడు మాట్లాడింది కిటికీ పక్క మంచంలోని పోలమ్మ. జువ్వలదిన్నె నుంచి వచ్చిన బెస్తామె. నల్లగా, దిట్టంగా ఉండేది, గొంతు పెద్దది. అడ్డం తిరిగిన బిడ్డను ఆపరేషన్ చేసి తీశారు. "నా దగ్గిర ఉండాయి గదా, ఆ సీసా ఇటు పడెయ్యి" అంది. ఆమె పిండింది చూసి పక్కన కావలి ఆమె, "నేనూ కాసిని ఇస్తా" అంది. ఆపైన ఇంకొకామె. ఎవరి సీసా వారికి వేరుగా ఉడకబెట్టి ఇమ్మని నర్సమ్మ పట్టుబట్టింది. మౌలాలి బకెట్ సరిపోక పెద్ద తొట్టి తెచ్చాడు. సీసాల మెడలకు రంగుదారాలు కట్టాడు, పాతవి ముందు వాడాలని.

హుస్సేనమ్మ ఒక్కొక్క మంచం దగ్గరా నిలబడి పేరు, ఊరు, పిల్లలు అడిగేది. అడిగినవన్నీ నోటికి వల్లె వేసుకునేది. "పెంచలమ్మ, చిట్టమూరు, ఇద్దరు ఆడపిల్లలు. పోలమ్మ, జువ్వలదిన్నె, ముగ్గురు మగపిల్లలు, ఒక పిల్ల..." అని తస్బీ పూసలు తిప్పుకుంటూ చెప్పుకునేది. "ఇంతమంది అక్కచెల్లెళ్ళైతే నీ మనవడికి నెల్లూరు జిల్లాలో పిల్ల దొరకదు" అని పోలమ్మ ఎగతాళి చేస్తే, "గుంటూరు నుంచి తెస్తాలే" అనేది.

ఒకనాడు నాకు బొత్తిగా పాలు రాలేదు. చిన్నది గుక్కపట్టి ఏడుస్తూ ఉంది. పోలమ్మ చేతులు చాపి, "తేమ్మా ఇట్లా" అంది. సీసా కాదు, బిడ్డను రొమ్ముకే పట్టుకుంటానని. ఆమె ఒంటి నుంచి ఎండుచేపల వాసన వస్తుంది, ఆసుపత్రిలో ఎన్నాళ్ళున్నా పోలేదు. నా కడుపులో తిప్పింది. అది మా అత్త నాలో పెట్టి పోయిన తిప్పుడే. ఆ సంగతి తెలిసినా తిప్పడం ఆగలేదు. నేను లేచి, బిడ్డను తీసుకుపోయి ఆమె ఒళ్ళో పెట్టాను. చిన్నదానికి ఏ వాసనా రాలేదు. గుటగుటమని తాగి, ఆమె చేతిమీదే నిద్రపోయింది. పోలమ్మ దాని మూతి తుడిచి, "ఎంత ఆకలిగా ఉండిందో పాపం" అంది. నాకు ఏడుపొచ్చింది.

జాన్‌బీకి ఆషాఢం నడిమధ్య స్పృహ వచ్చింది. పక్కనున్న బిడ్డను చూసి చాలాసేపు నమ్మలేదు. తల్లి పేర్లు వల్లించి చెబుతుంటే మంచం మంచం వైపు తిరిగి చూసింది. ఆమెకు పాలు రానే లేదు. కానీ వాడు అప్పటికి గేదెపాలు నీళ్ళు కలిపి పడితే అరిగించుకునేంత అయ్యాడు. వాళ్ళు ఇంటికి పోయిన తరువాత నన్నూ పంపించేశారు.

సుబ్బులూ, ఇక్కడ నీకు కావలసిన మాటలు రాస్తాను. గట్టిపడితే దాచుకోబాక. బిడ్డ తాగకపోతే పిండెయ్యి, ఊరితే ఊరనీ. చలిజ్వరం వస్తే మంత్రం కోసం కూర్చోకుండా బండి కట్టించు. మిగిలినవి ఉంటే శుభ్రంగా పిండి, అవసరమైన బిడ్డ దగ్గర్లో ఉంటే ఇవ్వు. నీకు లేకపోతే సిగ్గుపడకుండా అడుగు. నీ ఒంటికి ఎవరైనా ఏదైనా కడితే, ఎందుకు కడుతున్నారో అడగకుండా కట్టించుకోబాక.

కార్తీకం

కార్తీకంలో ఒక పగటిపూట మా ఇంటి ముందు ఒంటెద్దు బండి ఆగింది. మౌలాలి, జాన్‌బీ, హుస్సేనమ్మ. బిడ్డకు కాళ్ళకు వెండి కడియాలు. నాకు, నా ఇద్దరు పిల్లలకూ బట్టలు తెచ్చారు. పాలతల్లికి పెట్టాలని వాళ్ళ పద్ధతట. వాడికి ఖాదర్ అని పేరు పెట్టారు. బుగ్గలు పట్టి, బొజ్జ పెట్టి ఉన్నాడు. నేను గుర్తుపట్టలేదు.

మా అత్త వాళ్ళను లోపలికి రమ్మనలేదు. అరుగు మీదే చాప వేసింది. నేను లోపలినుంచి కంచు గ్లాసుల్లో మజ్జిగ తెచ్చి ఇచ్చాను. అత్త ఆ గ్లాసులనే చూస్తూ కూర్చుంది. మా ఆయన మౌలాలి పక్కన కూర్చుని అదే రకం గ్లాసుతో తాగాడు. ఖాదర్‌ను నా ఒళ్ళో కూర్చోబెడితే నా పుస్తెలతాడు నోట్లో పెట్టుకున్నాడు. చిన్నది వాడి కడియం పట్టుకుని లాగింది. హుస్సేనమ్మ, "అక్కతో కొట్లాటా, సిగ్గులేదా నీకు?" అని వాడిని మందలించింది.

బండి వీధి మలుపు తిరిగిందో లేదో, మా అత్త పేడనీళ్ళు కలిపి అరుగు మీద చల్లడం మొదలుపెట్టింది. చల్లుతూనే, "పోయి తలమీద నీళ్ళు పోసుకోని రా. ఆ ఒంటితో వంటింట్లో అడుగు పెట్టబాక" అంది.

ఆ పేడనీళ్ళు ఖాదర్ కూర్చున్న చోట పడుతుంటే చూశాను. వాడి చొంగ ఇంకా నా భుజం మీద తడిగానే ఉంది. నేను నీళ్ళు పోసుకోలేదు. అదే చీరతో వంటింట్లోకి పోయి పొయ్యి రాజేసి, బియ్యం కడిగి అన్నం వండాను. వంకాయ, ఎండురొయ్యలు వేసి పులుసు పెట్టాను.

"అది నేను ముట్టను" అంది అత్త గుమ్మంలో నిలబడి.

"నీ ఇష్టం అత్తా" అన్నాను.

మా ఆయన తిన్నాడు. జయకు పెట్టాను. నేనూ తిన్నాను. ఆమె అరుగు మీద గోడ వైపు తిరిగి పడుకుంది. ఎవరూ బతిమాలలేదు. దీపాలు పెట్టే వేళకు లేచి, వంటింట్లోకి వచ్చి, పీట వాల్చుకుని కూర్చుంది. నేను వడ్డించాను. తల వంచుకుని తిన్నది. పులుసు ఇంకొంచెం పొయ్యమని చేత్తో సైగ చేసింది. పోశాను.